మూడు మెట్లు

హైదరాబాదు నుండి బెంగుళూరునకు పోవు జాతీయ రహదారిపై శంషాబాదు దాటి దక్షిణముగా పోయినచో కొత్తూరు వచ్చును. ఇది రంగారెడ్డి జిల్లాలో నొక మండల కేంద్రము. 2008వ సంవత్సరము మార్చి నెలలో శంషాబాదు విమానాశ్రయము ప్రారంభమైనది. నాటినుండి ఈ ప్రాంతపు బాలబాలికలకు విమానము వింత కాదు. పాఠము జరుగుచుండగా బడి కప్పు మీదుగా విమానము పోయినను తలయెత్తి చూచువారు అరుదు.

నడువలేని ప్రయాణికుడొకడు ఆ విమానాశ్రయమునకు వచ్చెననుకొనుడు. అతనికై చక్రాల కుర్చీ వచ్చును. మెట్లున్న చోట లిఫ్టు గాని వాలుదారి గాని యుండును. విమానము వరకు ఒక సహాయకుడు తోడుగా పోవును. కాళ్ళు స్వాధీనములో లేనివాడును ఈ విధముగా సముద్రములు దాటి పోగలుగుచున్నాడు. ఆ విమానాశ్రయమునకు కొలది మైళ్ళ దూరములో, కొత్తూరు ప్రాంతమున నేను ప్రధానోపాధ్యాయుడుగా పనిచేసిన యొక ఉన్నత పాఠశాలలో, ఒక బాలుడు మూడు మెట్లు దాటలేకపోయెను. ఆ మూడు మెట్లు నాకు నేర్పిన పాఠమును మీకు చెప్పుటకే ఈ వ్యాసమును వ్రాయుచున్నాను.

ఆ బాలుడు ఎనిమిదవ తరగతిలో చేరెను. చిన్నతనమున వచ్చిన జబ్బుచే అతని రెండు కాళ్ళును చచ్చుపడినవి. తండ్రి సమీపమున నొక కర్మాగారములో పని చేయువాడు. తల్లి ప్రతిదినమును కుర్చీని తోసికొని వచ్చి, మెట్ల కడ ఆపి, కొడుకును ఎత్తుకొని తరగతిలో కూర్చుండబెట్టి పోయెడిది. పదమూడేండ్ల పిల్లవానిని ఎత్తుట ఆమెకు కష్టమగుచుండుట చూచి, నేను బలముగల విద్యార్థుల నిద్దరను పిలిచి, “ఇకమీదట వీనిని ఎత్తుకొని పోవు బాధ్యత మీది” అని చెప్పితిని. గొప్ప ఉపకారము చేసితినని సంతోషించితిని కూడ.

వ్యాయామపు గంట వచ్చినప్పుడు తరగతి యంతయు మైదానమునకు పోయెడిది. “నీవు ఇక్కడనే కూర్చుండి అందరి సంచులను చూచుచుండుము” అని ఆ బాలునికి నేనే ఒక పని అప్పగించితిని. ఒకనాడు అతడు మెల్లగా, “సార్! సంచులెక్కడికీ పోవు. నేనూ వస్తాను” అనెను. “ఎండగా నున్నది, నీకెందుకు శ్రమ?” అని నేను నవ్వి ఊరకుంటిని. నా దృష్టిలో అది దయ. అతని దృష్టిలో నది వేరుగా నుండెనని నాకు తట్టలేదు.

మరికొన్ని దినములకు అతడు బడి మానెను. వారము గడచినను రాకపోగా నేను వారి యింటికి పోతిని. తల్లి కన్నీరు పెట్టుకొని, “వాడు బడిలో పొద్దున్నుంచి సాయంత్రం దాకా నీళ్ళు తాగడు సార్!” అని చెప్పెను. మరుగుదొడ్డి మెట్ల క్రిందనున్నది. నీరు త్రాగినచో అక్కడికి పోవలసివచ్చును. పోవలెనన్నచో తోటిపిల్లలు ఎత్తుకొని పోవలెను. అందుకు సిగ్గుపడి ఆ పసివాడు వేసవి ఎండలలో సహితము గొంతు తడుపుకొనలేదు. తుదకు మూత్రసంబంధమైన వ్యాధి వచ్చి మంచము పట్టెను. అతడు నావైపు చూడకయే, “నన్ను ఎత్తుకొని తిప్పుతుంటే మూటలాగా అనిపిస్తుంది సార్!” అనెను.

విద్యార్థులారా! ఆనాడు ఇంటికి పోవుచు నేను చాలసేపు ఆలోచించితిని. ఆ బాలుని చదువునకు అడ్డుపడినది ఏది? అతని కాళ్ళేనా? అతని చేతులు చక్కగా వ్రాయును. అతని కన్నులు, చెవులు, బుద్ధి మనకు వలెనే పనిచేయును. చదువునకు కాళ్ళతో పనిలేదు గదా! అడ్డుపడినవి మెట్లు, మరుగుదొడ్డి, అడుగక చేసిన నా ఉపకారము. కాళ్ళను నేను బాగుచేయలేను. మెట్లను బాగుచేయగలను.

ఇందలి సూక్ష్మమును ఒక ఉదాహరణముతో తెలిసికొందము. మీ తరగతిలో కండ్లద్దములు పెట్టుకొనువారు కొందరుందురు. అద్దములు తీసినచో వారికి నల్లబల్ల మీది అక్షరములు కానరావు. అయినను వారిని మనము వికలాంగులని పిలువము. ఏలన, వారి లోపమునకు తగిన సాధనము వారి ముక్కు మీదనే కలదు. లోపము శరీరములో నుండవచ్చును. కాని అది ఆటంకముగా మారుటయు, మారకుండుటయు చుట్టునున్న ఏర్పాటులను బట్టి యుండును.

మెట్ల ప్రక్క వాలుదారి కట్టింపవలెనని పాఠశాల యాజమాన్య కమిటీ తీర్మానించెను. తాపీమేస్త్రీ వచ్చి ఒక్క దినములోనే కట్టిపోయెను. మరునాడు బాలుడు కుర్చీలో వచ్చి, వాలు మొదట నిలిచి, చక్రములను తిప్పుటకు ప్రయత్నించెను. కుర్చీ ముందుకు కదలలేదు సరిగదా, వెనుకకు ఒరుగసాగెను. ఇద్దరు పరుగెత్తివచ్చి పట్టుకొనవలసి వచ్చెను. తప్పు మేస్త్రీది కాదు. ఎంత వాలు ఉండవలెనో అతనికి మేము చెప్పలేదు.

అప్పుడు గణితోపాధ్యాయుడు ఎనిమిదవ తరగతి విద్యార్థులకు కొలత టేపు నిచ్చి వాలును కొలువుమనెను. ఒక్కొక్క మెట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు. మూడు మెట్లకు 45 సెంటీమీటర్లు. కట్టిన వాలు పొడవు 135 సెంటీమీటర్లు మాత్రమే. అనగా ఎత్తునకు మూడు రెట్లు. చక్రాల కుర్చీ పోవు వాలుదారి పొడవు ఎత్తునకు పండ్రెండు రెట్లకు తక్కువ కాకుండ ఉండవలెనని నియమము. ఆ లెక్కను 45 సెంటీమీటర్ల ఎత్తునకు 540 సెంటీమీటర్ల పొడవు కావలెను.

ఈ పండ్రెండు రెట్లెందులకు? మీరు విజ్ఞానశాస్త్రములో వాలుతలమును గూర్చి చదివియుందురు. బరువును నిలువుగా ఎత్తుటకు కావలసిన బలము కంటె వాలుమీద తోయుటకు కావలసిన బలము తక్కువ. వాలు ఎంత పొడవైన అంత తక్కువ బలము చాలును. బాలుడును కుర్చీయును కలిసి 48 కిలోల బరువనుకొనుడు. నిలువుగా ఎత్తుటకు 48 కిలోల బరువును మోయగల బలము కావలెను. మేము మొదట కట్టిన వాలుపై అందులో మూడవ వంతు, అనగా 16 కిలోల బరువునకు సరిపోవు బలము కావలెను. పండ్రెండు రెట్ల వాలుపై సుమారు 4 కిలోలకు సరిపోవు బలము చాలును. రాపిడిచే ఇది కొంచెము హెచ్చినను, ఆ బాలుని చేతులకు మించిన పని కాదు. 16 కిలోల బలము కావలసినప్పుడు ఇతరులు తోయవలెను. 4 కిలోలైనప్పుడు తానే పోగలడు. ఆ చిన్న లెక్కలో ఆ బాలుని స్వాతంత్ర్యము దాగియున్నది.

పాతదానిని పగులగొట్టి కొత్త వాలుదారిని కట్టించితిమి. దానికి రెండువైపులను పట్టుకొనుటకు ఇనుపగొట్టములు బిగించితిమి. జారకుండుటకై పైభాగమును గరుకుగా చేయించితిమి. మరుగుదొడ్లలో నొకదాని తలుపును వెడల్పు చేయించి, గోడకు పట్టుకొమ్మ నమర్చి, అక్కడికిని మెట్లులేని దారి వేయించితిమి. తరగతిలో ముందు బెంచీ నొకదానిని తీయించి కుర్చీ తిరుగుటకు చోటు చేసితిమి. బాలుడు మరల బడికి వచ్చెను. ఆ వాలుదారిపై తానే చక్రములు తిప్పుకొనుచు ఎక్కి, పైన ఒక్క నిముషము నిలిచి, నేరుగా నీటికుండ కడకు పోయి నీరు త్రాగెను. నేను చూచుచుంటిని.

వైకల్యమనగా కాళ్ళకు సంబంధించినదే కాదు. చూపు మందగించినవారు, వినికిడి తగ్గినవారు, చేతులు వణకువారు కూడ మన తరగతులలో ఉందురు. కొందరి లోపము పైకి కనబడదు. అట్టివారిని మందబుద్ధులనియు, అశ్రద్ధ గలవారనియు మనము పొరపడుదుము.

వాయులీన విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడుగారి పేరు మీరు వినియుందురు. వారు 1893వ సంవత్సరమున జన్మించిరి. బాల్యముననే చూపు మందగించుటచే వారి పాఠశాల చదువు ముందుకు సాగలేదు. వారి యింట వాయులీన ముండెను, నేర్పుటకు అన్నగారుండిరి. 1919వ సంవత్సరమున విజయనగరము సంగీత కళాశాలలో ఆచార్యులై, 1936లో దానికి అధ్యక్షులైరి. ఆ కథ విని మనము సంతోషింతుము. కాని ఒక్క ప్రశ్న వేసికొనుడు. చూపు మందగించి బడి మానిన పిల్లలందరి యిండ్లలోను వాయులీనము ఉండునా? నేర్పు అన్నలుందురా? అట్లు లేనివారి పేర్లు మనకు తెలియవు.

చూపు తక్కువైనవారికి తరగతిలో చేయవలసినది స్వల్పమే. వారిని ముందు వరుసలో వెలుతురు బాగుగ పడుచోట కూర్చుండబెట్టవలెను. నల్లబల్లపై పెద్ద అక్షరములతో వ్రాయవలెను. వ్రాసినదానిని పైకి చదువవలెను. “ఇది, అది” అని చేతితో చూపక, దేనిని గూర్చి చెప్పుచున్నారో దాని పేరు చెప్పవలెను. బొత్తిగా చూపు లేనివారికి బ్రెయిలు లిపి కలదు. ఫ్రాన్సు దేశీయుడైన లూయీ బ్రెయిలు మూడవ యేట తండ్రి పనిశాలలో కంటికి గాయమై, తరువాత రెండు కన్నులును పోగొట్టుకొనెను. అతడు 1824లో, పదునైదేండ్ల ప్రాయమున, ఆరు చుక్కలతో ఒక లిపిని కల్పించెను. ఆ ఆరు చుక్కల కూర్పులచే 63 గుర్తులు ఏర్పడును. భారతీయ భాషలకు ఉమ్మడిగా భారతి బ్రెయిలు 1951లో రూపొందెను. తెలుగు కూడ దానిలో వ్రాయబడుచున్నది.

మన కాలపు ఉదాహరణ మొకటి చెప్పెదను. శ్రీకాంత్ బొల్లా మచిలీపట్టణము చెంతనున్న సీతారామపురమున పుట్టుకతోనే చూపు లేక జన్మించెను. పల్లెబడిలో అతనిని చివరి బెంచీలో కూర్చుండబెట్టిరి. వ్యాయామపు గంటలో చేర్చుకొనలేదు. తరువాత హైదరాబాదులో అంధుల పాఠశాలలో చదివి పదవ తరగతి మంచి మార్కులతో ఉత్తీర్ణుడయ్యెను. కాని పైతరగతిలో విజ్ఞానశాస్త్రము చదువుటకు చూపులేనివారికి ఆనాటి నియమములు అవకాశ మీయలేదు. అతడు న్యాయస్థానమున కెక్కి అనుమతి సాధించెను. పాఠములనెల్ల ధ్వనిరూపమున వినుచు చదివి 98 శాతము మార్కులు పొందెను. 2009లో అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాసంస్థలో ప్రవేశించెను. చదువు ముగించి తిరిగివచ్చి 2012లో ఒక పరిశ్రమను స్థాపించి, వైకల్యము గలవారికి పనులు కల్పించెను. అతని పల్లెబడిని గూర్చి విన్నప్పుడెల్ల నాకు మా బాలుడు కాపలా కాచిన సంచులు గుర్తువచ్చును.

వినికిడి తక్కువైనవారు మాట్లాడువాని పెదవులను చూచి సగము గ్రహింతురు. అందుచే ఉపాధ్యాయుడు నల్లబల్ల వైపు తిరిగి మాట్లాడరాదు. మీరును వారికి ఎదురుగా నిలిచి, నోటికి చేయి అడ్డము పెట్టుకొనక మాట్లాడవలెను. అరచి మాట్లాడ నక్కరలేదు. నిదానముగా, స్పష్టముగా చెప్పిన చాలును. చేతులు స్వాధీనములో లేనివారికి కలమునకు గుడ్డ చుట్టి లావు చేసినచో పట్టు దొరకును. వారికి వ్రాయుటకు హెచ్చు కాలమీయవలెను. అవసరమైన నోటితో చెప్పించుకొనవలెను. పరీక్షలలో ఇట్టివారికి లేఖకుని సహాయమును, గంటకు 20 నిముషములకు తక్కువ కాని అదనపు కాలమును ఈయవలెనని కేంద్రప్రభుత్వ మార్గదర్శకములు చెప్పుచున్నవి. “వారికి ఎక్కువ కాలమిచ్చుట మాకు అన్యాయము గాదా?” అని యొక విద్యార్థి నన్నడిగెను. “పరీక్ష నీ తెలివిని కొలుచుటకా, నీ చేతి వేగమును కొలుచుటకా?” అని నేను తిరిగి అడిగితిని. అతడు ఆలోచించి తలయూపెను.

ఇవి యన్నియు ఒకరి దయపై ఆధారపడిన విషయములు కావు. 2011వ సంవత్సరపు జనాభా లెక్కల ప్రకారము మన దేశమున వైకల్యము గలవారు 2 కోట్ల 68 లక్షల మంది. 1995లో చేసిన చట్టము 7 విధములైన వైకల్యములను గుర్తించెను. దాని స్థానమున 2016లో పార్లమెంటు చేసిన దివ్యాంగుల హక్కుల చట్టము 21 విధములను గుర్తించినది. ఇది 2017 ఏప్రిల్ 19వ తేదీ నుండి అమలులోనికి వచ్చెను. 40 శాతమునకు తక్కువ కాని వైకల్యము కలిగి, 6 నుండి 18 ఏండ్ల ప్రాయములో నున్న ప్రతి బిడ్డకును సమీప పాఠశాలలో గాని, కోరుకొన్నచో ప్రత్యేక పాఠశాలలో గాని ఉచితముగా చదువుకొను హక్కును ఈ చట్టము ఇచ్చినది. పాఠశాల భవనములు అందరును ప్రవేశించుటకు అనువుగా నుండవలెనని కూడ శాసించినది. మన తెలుగు రాష్ట్రములలో భవిత కేంద్రములను పేర ప్రత్యేక శిక్షణ పొందిన ఉపాధ్యాయులు పనిచేయు కేంద్రములు కలవు. ఇట్టి పిల్లలకు అక్కడ చదువుతోపాటు అవయవములకు తగిన వ్యాయామ చికిత్సయు లభించును. మీ యింటి ప్రక్కన బడికి రాని అట్టి బిడ్డ ఉన్నచో ఈ మాట వారి తల్లిదండ్రులకు చెప్పుడు.

చట్టము వాలుదారిని కట్టింపగలదు, స్నేహమును కట్టింపలేదు. అది మీ చేతులలో నున్నది. కావున కొన్ని విషయములు గుర్తుంచుకొనుడు. సహాయము చేయుటకు ముందు “నేనేమైన చేయవలెనా?” అని అడుగుడు, వలదన్నచో నొచ్చుకొనవలదు. చక్రాల కుర్చీ దానిలో కూర్చున్నవాని శరీరములో నొక భాగము వంటిది. అడుగక దానిని తోయరాదు, దానిపై చేతులాన్చరాదు. చంకకర్రలను చేతికందకుండ దూరముగా పెట్టరాదు. కుంటివాడు, గుడ్డివాడు, చెవిటివాడు అను మాటలతో ఎవరిని పిలువరాదు. అతనికొక పేరున్నది, ఆ పేరుతోనే పిలువుడు. ఆటలలో సంచుల కాపలా అప్పగింపక, ఆ ఆటనే కొంచెము మార్చి చేర్చుకొనుడు.

మా పాఠశాలలో అట్లే జరిగినది. బాలుడు వ్యాయామపు గంటలో మైదానమునకు వచ్చి చేతుల వ్యాయామములను తక్కినవారితోపాటు చేయసాగెను. బంతి విసరు ఆటలో అందరును నేలపై కూర్చుండి విసరుటకు ఒప్పుకొనిరి. ఆ ఆటలో అతడు చాలమందిని ఓడించెను. కుర్చీ తోయుచు ఏండ్ల తరబడి బలపడిన చేతులు అతనివి! అతడు ఓడిన దినములును కలవు. ఓడినప్పుడు తోటివారు అతనిని ఎగతాళి చేసిరి. అతడును వారిని ఎగతాళి చేసెను. వారు నిజముగా స్నేహితులైరని నాకప్పుడు తెలిసెను.

ఆ వాలుదారిని అతనికొరకే కట్టించితిమని అనుకొంటిమి. కాని కట్టిన పిదప మధ్యాహ్నభోజనము వండు స్త్రీలు అన్నపు గిన్నెలను బండిపై దానిమీదుగానే తోసికొనిపోవుచుండిరి. కాలు విరిగి కట్టు కట్టించుకొన్న పిల్లవాడొకడు ఒక నెల దానిమీదనే నడిచెను. మనుమల మార్కులు తెలిసికొనుటకు వచ్చు ముసలివారు మెట్లు విడిచి దానినే పట్టుకొనిరి. మోకాళ్ళ నొప్పులు వచ్చిన పిదప నేనును దానిమీదనే నడిచితిని. ఆ బాలుడు పదవ తరగతి ముగించి వెడలిపోయెను. వాలుదారి అక్కడనే యున్నది.

విద్యార్థులారా! రేపు మీరు పాఠశాలకు పోవునప్పుడు గేటు నుండి మీ తరగతి వరకు ఎన్ని మెట్లున్నవో లెక్కింపుడు. నీటికుండకు, మరుగుదొడ్డికి పోవు దారిని చూడుడు. ఒక టేపు తీసికొని ఎత్తును కొలిచి, పండ్రెండుతో గుణించి, ఆ లెక్కను మీ ప్రధానోపాధ్యాయునకు చూపుడు. ఆ దారిన రావలసినవాడొకడు ఇంకను ఇంటి కడనే యుండవచ్చును.